మహానగరపు నదిమీద నీటివిమానము

2024వ సంవత్సరము నవంబరు 9వ తేదీన విజయవాడయొద్ద, ప్రకాశం బ్యారేజికి ఎగువన, కృష్ణానదిమీదినుండి ఒక చిన్న విమానము లేచి శ్రీశైలమునకు పోయి అచ్చటను నీటిమీదనే వ్రాలినది. ట్విన్ ఆటర్ అను రకపు రెండింజనుల విమానమది. నీటివిమానమనగానే ఎవరికైనను ముందు తోచు ప్రశ్న నీటిని గూర్చినదే: అది మునుగకుండ ఎట్లు తేలును? మంచి ప్రశ్నయే, జవాబు చెప్పెదము. కాని నీటికంటె చిక్కైనది గాలి. ఆ నది ఒక మహానగరము నడుమ ప్రవహించునదైనచో, ఆ నగరమునకు మూడు పెద్ద విమానాశ్రయములున్నచో, పైలటు తన కంటిచూపునే నమ్ముకొని ఎగురవలసినవాడైనచో, అతడు ఏ నియమములకు లోబడవలెను, ఆ నియమములు ఎట్లు పుట్టినవి అనునది ఈ ప్రసంగమునకు వస్తువు. ఇందుకు న్యూయార్కును మించిన ఉదాహరణము మాకు తోచలేదు.

ముందు నీటి సంగతి. నీటివిమానమునకు చక్రములకు మారుగా పడవలవంటి రెండు పొడవైన బోలు కట్టడము లుండును. వీనిని ఫ్లోటు లందురు. విమానపు పూర్తి బరువును తేల్చుటకు ఎంత శక్తి కావలెనో, దానికంటె నూటికి 80 వంతులు అదనముగ తేల్చగల శక్తి వీనికుండవలెనని నియమము. ఒక్కొక్క ఫ్లోటులోను నీరు చొరని అరలు కనీసము 4 ఉండును. ఒక అరకు చిల్లిపడినను తక్కినవి మోయును. అయినను రివెట్ల సందులలోనుండి కొంత నీరు ఊరుచునే యుండును. అందుచేత ఎగురుటకు ముందు పైలటు ఒక చిన్న చేతిపంపుతో అరవెంట అర నీరు తోడి చూచుకొనును. నిన్న పదిసార్లు లాగిన ఎండిపోయిన అర నేడు నలువదిసార్లు లాగినను ఎండకున్నచో, దానికేదో తగిలినదన్నమాట.

లేచునపుడు విమానము మొదట పడవవలె నీటిని చీల్చుకొని, ముక్కు పైకెత్తి, బరువుగా సాగును. వేగము హెచ్చినకొలది ఫ్లోటులు నీటిలోనుండి పైకి వచ్చి నీటిమీద జారసాగును. చెరువులో పెంకు విసరి గంతులు వేయించు పిల్లలకు ఈ సూత్రము తెలియును: వేగమున్నంతసేపు పెంకు మునుగదు. ఫ్లోటు అడుగున నడుమ ఒక మెట్టువలె కోసియుంతురు. ఆ మెట్టు నీటి పట్టును విడిపించును. అది లేనిచో విమానము నీటికి అంటుకొనిపోయి లేవజాలదు. దిగిన పిదప ఆగుటకు బ్రేకులు లేవు. గాలి తోసిన వైపునకు, నీరు ఈడ్చిన వైపునకు పోవుచునే యుండును. ఈ మాట గుర్తుంచుకొనవలెను. చివర మరల అవసరము వచ్చును.

ఇక గాలి. విమానములు ఎగురుటకు రెండు పద్ధతులున్నవి. ఒకటి పరికరముల పద్ధతి. పైలటు తన ముందున్న ముల్లులను, అంకెలను చూచుచు, నేలమీది నియంత్రణాధికారి చెప్పిన దారిని, చెప్పిన ఎత్తున పోవును. మన ప్రయాణీకుల విమానములు సాధారణముగా ఇట్లే పోవును. రెండవది చూపు పద్ధతి. మేఘములలో చొరరాదు. విమానాశ్రయములచుట్టునుండు నియంత్రిత గగనములో దారి కనీసము 3 మైళ్ల మేర స్పష్టముగా కనబడవలెను. నది, వంతెన, రైలుకట్ట, ధూమగొట్టము — ఇవియే దారిగుర్తులు. ఎదురు వచ్చు విమానమును చూచి తప్పుకొనవలసిన భారమును పైలటుదే. నీటివిమానములు హెచ్చుగా ఈ రెండవ పద్ధతినే ఎగురును. నదిలో దిగుటకు పరికరముల సాయము చాలదు. అలను, పడవను, తేలుచున్న దుంగను కంటితో చూడకుండ దిగరాదు.

న్యూయార్కునకు కెనెడీ, లాగార్డియా, హడ్సన్ నదికి పడమట న్యూజెర్సీలోని నెవార్కు అను మూడు పెద్ద విమానాశ్రయములున్నవి. ఎడిసన్ మొదలగు ఊళ్లలోని మన తెలుగు కుటుంబములకు నెవార్కు బాగుగ తెలిసినదే. ఈ మూడింటిచుట్టును ఉన్న గగనమును, ఇంచుమించు 7,000 అడుగుల ఎత్తువరకు, కట్టుదిట్టము చేసియున్నారు. నియంత్రణాధికారి స్పష్టముగా అనుమతి ఇచ్చినగాని అందులో అడుగిడరాదు. దాని ఆకారమును ఊహించుకొనవలెనన్న మన గుడి గాలిగోపురమును తలక్రిందులుగ నిలిపినట్లు తలచుకొనవచ్చును. సన్నని కొన నేలను, విమానాశ్రయమును అంటియుండును. పైకి పోయినకొలది అంతస్తులు వెడల్పగును. దిగు విమానములు దూరమునుండి మెల్లగా వాలుగా వచ్చును గనుక ఆకారము అట్లుండవలసినదే. మూడు గోపురములు ప్రక్కప్రక్కన నిలిచి, పై అంతస్తులు ఒకదానితో నొకటి కలిసిపోయిన చోటనే ఆ నగరమున్నది.

ఆ గోపురముల క్రింద, హడ్సన్ నది పొడవున, ఒక సందు విడిచిరి. నీటినుండి 1,300 అడుగులవరకు ఎవరి అనుమతియు లేకయే చిన్న విమానములు, హెలికాప్టర్లు ఈ సందులో పోవచ్చును. నగరమునకు తూర్పున ఈస్టు నదిమీదను ఇట్టి సందే కలదు; దాని కప్పు 1,500 అడుగులు. హడ్సన్ సందు వెడల్పు మైలునకు మించదు. దాని ప్రక్కన నిలిచిన ప్రపంచ వాణిజ్య కేంద్ర భవనము ఎత్తు 1,776 అడుగులు. అనగా సందులో పోవు పైలటు తలయెత్తి చూచినగాని ఆ మేడ కొన కనబడదు. ఎగురుచున్నామను భావముకంటె వీధిలో పోవుచున్నామను భావమే అతనికి హెచ్చుగా కలుగును కాబోలు.

ఈ వీధిలో మొట్టమొదట ఎగిరినవాడు విల్బర్ రైటు. 1909వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన అతడు గవర్నర్సు దీవినుండి లేచి స్వాతంత్ర్యదేవి విగ్రహమును చుట్టివచ్చెను. అక్టోబరు 4వ తేదీన హడ్సన్ మీదుగా గ్రాంటు సమాధివరకు పోయి, 33 నిమిషములలో తిరిగివచ్చెను. నీటిమీద పోవలెనని ముందుచూపుతో అతడు ఒక చిన్న దోనెను కొని, నీరు చొరకుండ దానిపై గుడ్డ బిగించి, విమానము క్రింద కట్టుకొనెను. ఇంజను ఆగినచో తేలుటకు! ఫ్లోటులకు అదియొక తాతయని మేమన్నచో చరిత్రకారులు కోపింపరని తలతుము. నాడు ఆ ఆకాశములో అతనికి ఎదురు వచ్చువారు లేరు. నియమములతో పని లేకపోయినది.

నియమములు ప్రమాదములనుండి పుట్టినవి. రెండింటిని చెప్పక తప్పదు.

2006వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన కోరీ లైడిల్ అను పేరొందిన బేస్‌బాల్ ఆటగాడును, అతనితో ఒక శిక్షకుడును చిన్న సిర్రస్ విమానములో ఈస్టు నది సందులోనికి వచ్చిరి. ఆ సందు ఉత్తరపు కొస మూసియుండును. ముందున్నది లాగార్డియావారి నియంత్రిత గగనము. అనుమతి లేనివారు అక్కడ వెనుకకు మరలవలెను. నది వెడల్పు అక్కడ సుమారు 2,100 అడుగులు. తూర్పుగాలి వీచుచున్నది. వారు తూర్పుగట్టు దాపునకు పోయి వెడల్పునంతయు వాడుకొనక, నడిమినుండి నగరమువైపునకు మళ్లించిరి. మలుపు పూర్తియగులోపల గాలి విమానమును సుమారు 400 అడుగులు పడమటకు నెట్టెను. విమానము 72వ వీధిలోని ఎత్తైన నివాసభవనమును ఢీకొన్నది. ఇద్దరును మరణించిరి.

ఇందులోని లెక్క ఇంటిలోని విద్యార్థులు వేసి చూచుకొనదగినది. 100 నాట్ల వేగమున పోవు విమానము రెక్కను 30 డిగ్రీలు వాల్చి మళ్లినచో, పూర్తిగ వెనుదిరుగుటకు సుమారు 3,060 అడుగుల వెడల్పు కావలెను. 45 డిగ్రీలు వాల్చినచో 1,770 అడుగులు చాలును. వేగమును 80 నాట్లకు తగ్గించి 30 డిగ్రీలే వాల్చినను 1,960 అడుగులలో తిరుగును. మలుపు వేగముతో కాదు, వేగపు వర్గముతో పెరుగును గనుక, వేగము తగ్గించుటయే గొప్ప ఉపాయము. రెక్కను మరింత వాల్చవచ్చును గదా యన్నచో, దానికొక శిక్ష కలదు. వాల్చినకొలది విమానమునకు బరువు పెరిగినట్లగును. 60 డిగ్రీలు వాల్చినపుడు రెట్టింపగును. బరువు రెట్టింపైనచో గాలిలో నిలుచుటకు కావలసిన కనీస వేగము నూటికి 41 వంతులు పెరుగును. ఇరుకున పడి తొందరలో వాల్చినవాడు మేడను తప్పించుకొని నదిలో కూలవచ్చును.

ఆ ప్రమాదమైన రెండు దినములకే అమెరికా వైమానిక పరిపాలనా సంస్థ ఈస్టు నది సందులో విమానములను నిషేధించినది. పిమ్మట అది స్థిరమైన నియమముగ మారినది. గవర్నర్సు దీవి నైరుతి కొననుండి రూజ్‌వెల్టు దీవి ఉత్తరపు కొనవరకు, లాగార్డియా టవరు అనుమతి లేక, చక్రముల విమానమేదియు పోరాదు. ఒక్క మినహాయింపు కలదు: ఆ నదిలో దిగు, ఆ నదినుండి లేచు నీటివిమానములు. ఇది పక్షపాతమువలె తోచవచ్చును గాని మాకు న్యాయమే యనిపించును. ఇరుకు నదిమీద ఇంజను ఆగినచో చక్రముల విమానమునకు క్రిందనున్నది ప్రమాదము; నీటివిమానమునకు క్రిందనున్నది విమానాశ్రయము. పైగా నీటివిమానపు పైలటు ఆ నదిని చూచిపోవుటకు వచ్చిన విహారి కాడు. అతనికి అక్కడ పని యున్నది. ఈస్టు 23వ వీధి చివర, నది ఒడ్డున, నీటివిమానముల రేవు ఉన్నది.

రెండవ ప్రమాదము హడ్సన్ మీద జరిగినది. 2009వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన, పగలు 12 గంటలకు కొంచెము ముందు, టీటర్‌బరో విమానాశ్రయమునుండి లేచిన ఒక చిన్న పైపర్ విమానమును, ఇటలీ యాత్రికులను ఎక్కించుకొన్న ఒక హెలికాప్టరును సుమారు 1,100 అడుగుల ఎత్తున ఢీకొన్నవి. తొమ్మిదిమంది మరణించిరి. ఆకాశము నిర్మలముగా నున్నది; ఇద్దరు పైలటులును కన్నులున్నవారే. టీటర్‌బరో నియంత్రణాధికారి ఆ సమయమున పనికి సంబంధించని టెలిఫోను సంభాషణలో ఉండుట ఒక కారణమని విచారణలో తేలినది. కాని విచారణసంఘము దానితో సరిపెట్టక, చూచి తప్పుకొను పద్ధతికే సహజమైన పరిమితులు కలవని స్పష్టముగా వ్రాసినది.

ఆ పరిమితులెట్టివో చెప్పెదము. ఢీకొనబోవు రెండు విమానములు తిన్నని దారులలో పోవుచున్నచో, ఒకదాని అద్దములో రెండవది కదలదు. ఒకేచోట చుక్కవలె నిలిచియుండి, చివరి క్షణములలో ఒక్కసారిగ పెద్దదగును. మన కన్ను కదలుచున్నదానిని ఇట్టే పట్టును. కదలనిదానిని అద్దముమీది మచ్చగ విడిచిపెట్టును. దానికితోడు క్రింద మేడలు, కిటికీలు, తళతళలు. వాని నడుమ క్రిందినుండి పైకి వచ్చుచున్న హెలికాప్టరు కనబడుట కష్టము. చూచుట, గుర్తించుట, అపాయమని తెలియుట, నిర్ణయించుట, చేయి కదల్చుట, విమానము మళ్లుట — ఇన్నింటికి కలిపి సుమారు పన్నెండున్నర సెకండ్లు పట్టునని వైమానికశాఖవారి లెక్క. ఎదురెదురుగా చెరి 100 నాట్ల వేగమున వచ్చు రెండు విమానములు ఒక మైలు దూరమును 16 సెకండ్లలోపలనే దాటివేయును. మిగులుబాటు మూడు సెకండ్లు. 2025వ సంవత్సరము జనవరి 29వ తేదీ రాత్రి వాషింగ్టనులో పొటోమాక్ నదిమీద సైనిక హెలికాప్టరును, ప్రయాణీకుల జెట్టును ఢీకొని 67 మంది మరణించిన ఘటనలోను, కంటితో చూచి ఎడముగ పోయెదమని హెలికాప్టరువారు టవరుతో చెప్పియే యుండిరి.

2009వ సంవత్సరము నవంబరు 19వ తేదీనుండి హడ్సన్ మీద కొత్త కట్టడి అమలైనది. వేగము 140 నాట్లు మించరాదు. లైట్లన్నియు వెలుగుచుండవలెను. దక్షిణమునకు పోవువారు పడమటి గట్టు వెంట, ఉత్తరమునకు పోవువారు తూర్పుగట్టు వెంట పోవలెను. అనగా వీధిలో బండ్లవలె ఎవరి కుడివైపున వారు. దిగక నేరుగా సాగిపోవు విమానములు 1,000 అడుగులకు పైన ఉండవలెను. దిగుచు లేచుచునుండు హెలికాప్టర్లకు దాని క్రింది అంతస్తు. ఆ ప్రాంతపు తాజా పటము విమానములో ఉండితీరవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది రేడియో నియమము. రేడియో పనివారమగుటచేత మేము దీనిమీద కొంచెము ఎక్కువసేపు నిలుతుము. 123.05 మెగాహెర్ట్జుల మీద, నిర్ణీతమైన చోట్లకు వచ్చినపుడెల్ల, పైలటు తన విమానపు రకము, చోటు, దిక్కు, ఎత్తు చెప్పవలెను. ఎవరికి చెప్పుట? ఎవరికిని కాదు, అందరికిని. జవాబిచ్చు అధికారి ఎవడును ఆ తరంగముమీద లేడు. విన్నవాడు విని జాగ్రత్తపడును. వినువాడున్నాడో లేడో తెలియక మాటలాడుట మా వృత్తి. ఆ పైలటుల స్థితి మాకు అర్థమగును. అయితే మా మాట ఎవరును వినకున్నచో ఎవరి ప్రాణమును పోదు.

ఈ చోట్లలో ఉత్తరపు కొసనున్న మొదటిది ఆల్పైన్ టవరు. ఎఫ్.ఎం. ప్రసారమును కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు 1938లో తన ప్రయోగములకై కట్టించిన టవరు అదియే. దానిని చూచుకొని పైలటు మాటలాడునది మాత్రము ఎఫ్.ఎం.లో కాదు, మన మీడియం వేవు కేంద్రముల పాత ఏ.ఎం. పద్ధతిలోనే. ఇది చాదస్తము కాదు. ఎఫ్.ఎం.లో ఇద్దరు ఒకేసారి మాటలాడినచో బలమైన ధ్వని రెండవదానిని పూర్తిగ మ్రింగివేయును. మ్రింగబడినవాడొకడున్నాడని వినువానికి తెలియనే తెలియదు. ఏ.ఎం.లో ఇద్దరి మాటయు కలిసి కీచుమని వినవచ్చును. మాట తెలియకున్నను రెండవవాడున్నాడని తెలియును. సంగీతమునకు అది దోషము. పైలటునకు అది ప్రాణరక్ష.

ఇప్పుడొక నీటివిమానమును ఊహించి దానివెంట పోదము. ఉత్తరమునుండి హడ్సన్ వెంట వచ్చి 23వ వీధి రేవున దిగవలెను. పైలటు బయలుదేరుటకు ముందే ఆనాటి ప్రకటనలు చదువును. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభకు దేశాధినేతలు వచ్చినపుడు నగరముపైని గగనములో అదనపు నిషేధములు విధింతురు. యాంకీ స్టేడియములో పెద్ద ఆట ఉన్నచో ఒక గంట ముందునుండి ఆట ముగిసిన గంటవరకు, చుట్టును 3 నాటికల్ మైళ్ల మేర, 3,000 అడుగుల ఎత్తువరకు, నియంత్రణాధికారి అనుమతి లేక ఎగురరాదు. హడ్సన్ నది ఆ వలయములోపలికే వచ్చును. ఆటలమీద ఆసక్తి లేని పైలటును ఆటల పట్టిక చదువవలసినవాడే.

ఆల్పైన్ టవరు కనబడినది. "నీటివిమానము, ఆల్పైన్ టవరు, దక్షిణముగా, 1,100 అడుగులు." పడమటి గట్టు పట్టుకొని దిగువకు. తరువాత 604 అడుగుల స్తంభములు గల జార్జి వాషింగ్టన్ వంతెన. మరల అదే మాట. ఎడమచేతివైపు, ఒడ్డున ప్రదర్శనశాలగ నిలిచిన ఇంట్రెపిడ్ అను పాత యుద్ధనౌక. మరల అదే మాట. కుడివైపు జెర్సీ నగరపు ఒడ్డున 50 అడుగుల అడ్డుకొలత గల కోల్గేటు గడియారము. మరల అదే మాట. పిమ్మట స్వాతంత్ర్యదేవి విగ్రహము. ఇంతవరకు కుడిగట్టు పోయినవాడు ఇప్పుడు ఎడమకు మళ్లి, ఉత్తరముగ వచ్చువారి దారిని అడ్డముగ దాటి, ఈస్టు నది మొగలోనికి పోవలెను. మా దృష్టిలో ఈ ప్రయాణమంతటిలోను కఠినమైన చోటు ఇదియే. దక్షిణపు కొననున్న హెలికాప్టర్ల రేవునుండి లేచునవి, దానికి దిగునవి ఇక్కడనే త్రిప్పుకొనును. సరిగా ఈ సమయముననే రేడియోను ఈస్టు నదికి చెందిన 123.075కు మార్చవలెను. ఒక కన్ను బయట, ఒక చేయి మీటమీద, ఒక చెవి కొత్త తరంగముమీద.

బ్రూక్లిన్, మాన్‌హాటన్, విలియమ్స్‌బర్గ్ వంతెనలు మూడును ఒకటి వెంట ఒకటి క్రిందుగా జరిగిపోవును. విలియమ్స్‌బర్గ్ దాటిన పిమ్మట నది తిన్నగ తెరచుకొనును, అచ్చటనే దిగుట. ఇన్ని మాటలు వినుచు, ఇన్ని గుర్తులు చూచుచు వచ్చినవాడు ఒక్క సంగతి మరచినచో ముప్పు. ఇట్టి విమానములలో చాలవాని ఫ్లోటులలో నేలమీద దిగుటకు చక్రములును ముడిచిపెట్టియుండును. నేలమీద చక్రములు ముడిచి దిగినచో ఫ్లోటుల అడుగు గీసుకొనిపోవును. చాలసార్లు మనుష్యులకు దెబ్బ తగులదు. నీటిమీద చక్రములు దించి దిగినచో చక్రములు నీటిని పట్టుకొని, విమానము తలక్రిందులగును. అందుచేత, వినువారెవరు లేకున్నను, "ఇది నీటి దిగుడు, చక్రములు పైన" అని పైలటు పైకే చెప్పుకొనును. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు.

ఈస్టు నది పేరునకు నదియేగాని నిజమునకు సముద్రపు పాయ. పోటు పాటులతో దాని ప్రవాహము దినమునకు పలుమార్లు దిక్కు మార్చుకొనును. మేడల సందులనుండి వచ్చు గాలి ఒక దిక్కు, నీరు ఒక దిక్కు. జనమును దాటించు ఫెర్రీలు లేపిన అలలు నడుమ. విమానము నీటిని తాకిన క్షణముననే దానికి చట్టము మారును. అంతవరకు గగనశాసనము, ఇప్పుడు నౌకాశాసనము. సముద్రయానపు అంతర్జాతీయ నియమముల ప్రకారము నీటిమీదనున్న నీటివిమానము సాధారణముగా అన్ని నౌకలకును దూరముగ తొలగిపోవలెను. తెరచాప పడవకును దారి విడువవలసినదే. బ్రేకులు లేవని ముందు చెప్పితిమి. గాలి నీరు రెండింటిని లెక్కవేసి, ఇంజనును సరియైన సమయమున ఆపి, మిగిలిన జోరుతో మాత్రమే రేవునకు చేరవలెను. తిరుగుచున్న ప్రొపెల్లరు దగ్గరకు ఎవరును రారాదు గనుక, అది నిలిచిన పిదపనే పైలటు తలుపు తెరచుకొని ఫ్లోటుమీదికి దిగును. చేతిలో త్రాడు సిద్ధముగ నుండును. ఒక్క అడుగు రేవుమీద, ఒక్క అడుగు ఫ్లోటుమీద పెట్టి, విమానమును దగ్గరకు లాగి గుంజకు కట్టివేయును.